అపశబ్ద విచారము: ఆత్మకూర్ ప్రాంతపు తెలుగు

తెలుగు బోధించువారు నలుగురు ఒకచోట కూడినచో సంభాషణము విద్యార్థుల తప్పులమీదికి పోవుట లోకానుభవము. ఒత్తు ఎక్కడ పెట్టవలెనో పిల్లలకు తెలియదనియు, అర్థమునకును అర్ధమునకును భేదము పోయినదనియు, వాక్యము తెలుగువాక్యమువలె లేదనియు వారు విసుగుకొందురు. భాషపై మమకారము గలవారికి ఇట్టి విసుగు సహజమే. కాని విసుగు విచారణకు సాధనము కాజాలదు. చెవికి కటువుగా తోచినదెల్ల తప్పనియు, అలవాటైనదెల్ల ఒప్పనియు తీర్పు చెప్పుట శాస్త్రము కాదు.

ఒక తరగతి వ్రాతపుస్తకములలో ఎర్రసిరా తగిలిన మాటలను ఏర్చి కూర్చి చూచినచో అవి ఒక్క జాతివి కావని స్పష్టమగును. వానిలో కొన్ని నిజముగా తప్పులు. కొన్ని ప్రాంతీయ రూపములు. మరికొన్ని, భాష మారుచుండుటచే పుట్టిన క్రొత్త వాడుకలు. ఈ మూడింటికిని ఒకే శిక్ష విధించుటవలన కలుగు నష్టమును, వానిని వేరుపరచు మార్గమును నిరూపించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. ఉదాహరణములకు దక్షిణ తెలంగాణమునందలి ఆత్మకూర్ ప్రాంతమును గ్రహించితిని. ఆ ప్రాంతమును గ్రహించుటకు కారణము కలదు. కఠినమైన వ్యాకరణనిష్ఠయు, పండితులు గ్రామ్యమని త్రోసివేసిన జీవద్భాషయు అచ్చట తరతరములుగా ఇరుగుపొరుగున నిలిచియున్నవి.

ప్రాంతము, దాని భాషాచరిత్ర

ఆత్మకూర్ నేటి వనపర్తి జిల్లాలో, కృష్ణానదికి ఉత్తరమున నున్నది. 2016లో జిల్లాల పునర్విభజన జరుగువరకు అది మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. నిజాము రాజ్యమునందలి అమరచింత సంస్థానమునకు ఇది రాజధాని యగుటచే ఆ సంస్థానమును ఆత్మకూరు సంస్థానమనియు వ్యవహరింతురు. దక్షిణమున కృష్ణకావల గద్వాల, తూర్పున వనపర్తి. ఈ మూడు సంస్థానములును సంస్కృతాంధ్ర పండితులను ఆదరించినవి. అవధానములకును, శాస్త్రచర్చలకును నెలవులైనవి. లక్షణకర్తలలో సుప్రసిద్ధుడైన అప్పకవి యింటిపేరగు కాకునూరు కూడ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. 1656 నాటి అప్పకవీయము తరువాతి కవులకు చిరకాలము ప్రమాణగ్రంథమై నిలిచినది. ఇట్లు ఒప్పుతప్పుల చర్చ ఈ నేలకు క్రొత్తది కాదు.

ఐనను కోటలోపలి సభలో ఒక తెలుగు, కోట దాటిన అంగడిలో మరియొక తెలుగు వినబడుచుండెను. సభలో పద్యము చదివిన పండితుడు ఇంటికి పోయి ఇల్లాలితోను, పాలేరుతోను మాటలాడునది ఈ రెండవ తెలుగే. దేనిని ఎచ్చట వాడవలెనో ఆయనకు తెలియును. రెండవదానిని మొదటిదానికి పట్టిన తెగులుగా ఆయన భావించి బాధపడవలసిన అవసరము కలుగలేదు.

మూడవది రాజభాష. హైదరాబాదు రాజ్యమున కచ్చేరీల వ్యవహారము ఉర్దూలో నడచుచుండెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాషయు అదియే. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ మందిరమున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడబోగా సభలో కొందరు గేలిచేసిరి. ఆంధ్రజన సంఘ స్థాపనకు ఆ అవమానమే ప్రేరకమైనది. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డి, తెలంగాణమున కవులు లేరను మాటకు సమాధానముగా 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించెను. ఆయన ఈ కృష్ణాతీరపు వాడే. 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనవాడు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినపిమ్మట ఈ ప్రాంతపు బాలురకు తెలుగే బోధనాభాష యైనది. అది వారికి గొప్ప లాభము. కాని క్రమముగా వాచకములందును, పత్రికలందును స్థిరపడిన శిష్టవ్యావహారికమునకు ఆధారము కృష్ణా గోదావరీ మండలముల విద్యావంతుల భాష. అంతకు పూర్వము ఉర్దూ రాదని వెనుకబడిన బాలుడు, ఇప్పుడు తెలుగు రాదని వెనుకబడు పరిస్థితి ఏర్పడినది. ఏవో కొన్ని జిల్లాల వాడుక అందరికిని ప్రమాణమగుటను కాళోజీ నారాయణరావు జీవితాంతము ప్రశ్నించెను. ఆయన జన్మదినమగు సెప్టెంబరు 9వ తేదిని తెలంగాణ భాషా దినోత్సవముగా 2014 నుండి జరుపుచుండుటయు, గిడుగు రామమూర్తి జన్మదినమగు ఆగస్టు 29వ తేదిని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుటయు పాఠకులు ఎరిగినదే. ఆ యిద్దరును వేరువేరు ప్రాంతములలో పోరాడినది ఒకే ప్రశ్నకొరకు: నోటిలోని మాట వ్రాతలో తప్పెట్లగును?

ప్రాంతీయ రూపము

ఆత్మకూర్ బడిలో బాలుడు ‘మా నాయిన పొలంకాడికి పోయిండు’ అని వ్రాసినచో ‘పోయిండు’ క్రింద గీత పడుట పరిపాటి. దానిపై ‘వెళ్ళాడు’ అని దిద్దుబాటు. ఇచ్చట రెండు దిద్దుబాట్లు జరిగినవి: ధాతువు మారినది, ప్రత్యయము మారినది. ధాతువు సంగతి యటుంచుదము. ప్రత్యయమును పరిశీలింతము.

చేయు ధాతువునకు భూతకాల రూపములను మూడు వరుసలుగా చూడుడు. మొదటిది పూర్ణరూపము, రెండవది కోస్తా వాడుక, మూడవది ఆత్మకూర్ ప్రాంతపు వాడుక.

నేను: చేసినాను, చేశాను, చేసిన.
నీవు: చేసినావు, చేశావు, చేసినవు.
వాడు: చేసినాడు, చేశాడు, చేసిండు.
ఆమె, అది: చేసినది, చేసింది, చేసింది.
మేము: చేసినాము, చేశాము, చేసినం.
వారు: చేసినారు, చేశారు, చేసిన్రు.

మొదటి వరుసలోని రూపములు పుస్తకములలో మాత్రమే యున్నవి కావు. రాయలసీమలో చేసినాడు, చేసినారు అనునవి నేటికిని వినబడును. ఆ పూర్ణరూపమునుండియే తక్కిన రెండును పుట్టినవి. కోస్తా వాడుక నడుమనున్న నకారమును విడిచి, అచ్చులను కలిపి, దీర్ఘమును నిలిపినది. ఆత్మకూర్ వాడుక నకారమును నిలిపి, దీర్ఘమును హ్రస్వము చేసినది. చేసినావు అనునది చేసినవు అయినది. చేసినాడు మొదట చేసినడు అయి, పిమ్మట నడిమి హ్రస్వాకారము లోపింపగా చేసిండు అయినది. చేసినారు అనునది చేసినరు అయి, చేసిన్రు అయినది.

ఈ దీర్ఘము హ్రస్వమగుట భూతకాలమునకే పరిమితము కాదు. పోతాడు అనునది ఇచ్చట పోతడు. పోతారు అనునది పోతరు. పోతావు అనునది పోతవు. పోతాము అనునది పోతం. ఒకే సూత్రము రెండు కాలములందును వర్తించుచున్నది. పోతడు అనునది ‘పోత్డు’ కాకపోవుటకును కారణము కలదు. నకార డకారములు కలిసి ‘ండ’ యగుట తెలుగు నాలుకకు సుకరము. తకార డకారముల కలయిక అట్టిది కాదు. కావున లోపము జరుగదగినచోట జరిగినది, జరుగరానిచోట ఆగినది.

ఇంతకంటె విశేషము నాలుగవ పంక్తిలో నున్నది. చేసినది అనుటలోని నడిమి అకారము లోపించి చేసింది అయినది. ఈ మార్పును కోస్తావారును చేసిరి, తెలంగాణమువారును చేసిరి. దానిని ఎవరును గ్రామ్యమని ఏవగించుకొనరు, పత్రికలన్నియు వాడును. ఆమె విషయమున చేసింది యనుట శిష్టమైనపుడు, అదే లోపముచేత వాని విషయమున చేసిండు అనుట అశిష్టమెట్లగును? సూత్రదృష్టితో చూచినచో ఆత్మకూర్ బాలుడే రెండుచోట్లను ఒకే నియమమును పాటించినాడు. కోస్తా వాడుకలో ఒకే క్రియకు పుంలింగమున ఒక నియమము, తక్కినచోట మరియొక నియమము నడచుచున్నది. దీనినిబట్టి కోస్తా వాడుక తప్పని చెప్పబోము. భాషలో ఇట్టి వైషమ్యములు సామాన్యము. రెండును నియమబద్ధములని మాత్రమే చెప్పదలచితిని.

ఇది నియమమే గాని పొరపాటు కాదనుటకు నిదర్శనము సులభము. ఆ బాలుడు ఎన్నడును ‘నేను చేసిండు’ అనడు. ‘వాండ్లు చేసిన’ అనడు. పురుషభేదము, వచనభేదము, లింగభేదము తప్పకుండ పాటించును. ఎవరును నేర్పకయే అతని తల్లి, తాత, ఊరివారందరు అట్లే పాటింతురు. వ్యాకరణమనగా నిదియే. దానికి సూత్రములు వ్రాసినవారు లేకపోవుట ఆ సూత్రములు లేకపోవుట కాదు.

పదముల విషయమునను ఇట్టి విపర్యాసమే కనబడును. ‘దవాఖాన’ అని వ్రాసినచో అన్యదేశ్యమని కొట్టివేసి ‘ఆసుపత్రి’ అని దిద్దుదురు. దవాఖాన ఉర్దూద్వారా వచ్చినది. ఆసుపత్రి ఐరోపా భాషలనుండి వచ్చినది. ఒక పరదేశిని గెంటి మరియొక పరదేశికి పీట వేసినట్లైనది. దిద్దిన వారి చేతిలోని కాగితమును, కలమును కూడ ఆ తొలి పరదేశి బంధువులే. ఈ దిద్దుబాటును నడపినది భాషాశుద్ధి కాదు, ఏ ప్రాంతపు అలవాటు గౌరవనీయమను భావన.

నిజమైన తప్పు

ఇట్లని తప్పులే లేవనుట మరియొక అతి. తప్పులు కలవు. వానిని నిర్దాక్షిణ్యముగా దిద్దవలసినదే.

శాకాహారమును ‘శాఖాహారము’ అని వ్రాయుట భోజనశాలల పలకలమీద నిత్యము కనబడును. శాకము కూర, శాఖ కొమ్మ. ఒక ఒత్తుచేత కూరలు తినువాడు కొమ్మలు మేయువాడైనాడు. అర్థము తాత్పర్యము, అర్ధము సగము. ‘నాకు అర్ధమైనది’ అని వ్రాసిన విద్యార్థి తనకు తెలియకయే సగము తెలిసినదని ఒప్పుకొనుచున్నాడు. కథను ‘కధ’ యనియు, ప్రథమమును ‘ప్రధమ’ మనియు వ్రాయుట ఈ జాతిదే. తెలుగువారి ఉచ్చారణలో థకారము ధకారమునకు చేరువగుటయు, లిపిలో రెండక్షరములకు పోలిక యుండుటయు దీనికి కారణములు.

‘ఉచ్ఛారణ’ యను వ్రాత మరింత బోధప్రదము. ఉత్ అను ఉపసర్గకు చారణ చేరినపుడు ఉచ్చారణ యగును; ఒత్తునకు అవకాశము లేదు. ఉత్ అనుదానికి శ్వాసము చేరినపుడు శకారము ఛకారమై ఉచ్ఛ్వాసము అగును, ఒత్తు తప్పనిసరి. విద్యార్థి రెండవదానిని చూచి మొదటిదానికి ఒత్తు తగిలించినాడు. కారణము చెప్పి దిద్దినచో ఒక్క ఉదాహరణముతో అతనికి ఒక సంధిసూత్రము పట్టువడును. కారణము చెప్పక గీత గీసినచో భయము మాత్రమే మిగులును.

ఈ తప్పులకు ఒక సమానలక్షణము కలదు. శాఖాహారము ఆత్మకూర్‌లో కనబడును, గుంటూరులో కనబడును, చిత్తూరులో కనబడును. అది ఏ తల్లి నోటినుండియు వచ్చినది కాదు. అక్షరము నేర్చిన పిమ్మట, అక్షరము చాలినంతగా నేర్వకపోవుటచే వచ్చినది. ప్రాంతీయ రూపమునకు ఊరు కలదు. నిజమైన తప్పునకు ఊరు లేదు. ఈ భేదము అధ్యాపకునకు ఉపయోగపడు మొదటి పరీక్ష.

నేడు ఈ తప్పులకు మరియొక ద్వారము తెరచుకొన్నది. చేతివ్రాత తగ్గి, ఫోనుమీద రోమను అక్షరములతో మాటను కొట్టి దానినుండి తెలుగు అక్షరమును రాబట్టు పద్ధతి వ్యాపించినది. రోమను లిపిలో త, ట లకును, ద, డ లకును, న, ణ లకును వేరు గుర్తులు లేవు. యంత్రము ఊహించి చూపిన రూపములలో మొదటిదానిని తాకి ముందుకు పోవుట అలవాటైనది. ఇందు భాషాపతనమును చూచి దుఃఖించుటకంటె, చూపిన నాలుగు రూపములలో సరియైనదానిని ఎంచు జ్ఞానమును పిల్లలకు కలిగించుట మేలు.

మారుచున్న వాడుక

మూడవ జాతి అన్నిటికంటె చిక్కైనది. నిన్న తప్పు, నేడు సందేహము, రేపు ఒప్పు కాగల రూపములు ఇందు చేరును.

ప్రముఖ శబ్దమునుండి ప్రాముఖ్యము వచ్చును, లేదా ప్రముఖత వచ్చును. ‘ప్రాముఖ్యత’ యందు భావార్థక ప్రత్యయము రెండుమార్లు చేరినది. ప్రాధాన్యత, నైపుణ్యత, సౌందర్యత అనునవియు నట్టివే. లక్షణదృష్టిచే ఇవి దుష్టములు. కాని నాలుగును ఒక్కతీరున లేవు. సౌందర్యత నేటికిని చెవికి గుచ్చుకొనును. ప్రాధాన్యత విద్వాంసుల వ్రాతలయందును చొచ్చుకొనివచ్చినది. వాడుక ఒక్కొక్క మాటను వేరువేరుగా తూచును. సూత్రము అన్నిటిని ఒకే త్రాసున పెట్టును. అధ్యాపకుడు సూత్రమును చెప్పవలెను, వాడుక ఎంతవరకు వచ్చినదియు చెప్పవలెను.

ఆంగ్లపదములతో కూడిన క్రియలు మరియొక ఉదాహరణము. ‘డ్రైవ్ చేసిండు’, ‘ఫోన్ చేసిండు’ అనువానిని చూచి భాష చెడినదని వాపోవుదురు. కాని ప్రతి యుగమునను తెలుగు పరభాషాక్రియలను ఒక అచ్చులో పోసి తనవిగా చేసికొన్నది. సంస్కృతమునుండి వచ్చినవానికి ‘ఇంచు’ చేర్చి పూజించు, భావించు అన్నది. ఉర్దూ హిందీల క్రియలకు ‘ఆయించు’ చేర్చి చలాయించు, దబాయించు, సతాయించు అన్నది. ఆంగ్లపదములకు ‘చేయు’, ‘అగు’ అనువానిని చేర్చుచున్నది. మూడింటను క్రియాపదమునకు తోక తెలుగుదే. కాలము, పురుషము, వచనము తెలుగు పద్ధతినే నడచును. ‘బండి డ్రైవ్ చేయుట ఏమి తెలుగు? చలాయించుట యనరాదా?’ అని ప్రశ్నించువారు ఒక తరమునాటి క్రొత్తదనమును మరియొక తరమునాటి క్రొత్తదనముతో కొట్టుచున్నారు.

ఐనచో క్రొత్తదంతయు అంగీకార్యమేనా? కాదు. ‘నిర్ణయము తీసుకోవడం జరిగింది’, ‘చెరువుకట్ట మరమ్మతు చేయడం జరిగింది’ అను వాక్యపద్ధతి కార్యాలయములనుండి ప్రసారమాధ్యమములకును, అచ్చటినుండి పరిశోధన వ్యాసములకును ప్రాకినది. దీనిని నిరసించుటకు అది క్రొత్తదగుట కారణము కాదు. ఇందు కర్త లేడు. కట్ట బాగుచేసినది ఎవరు? తెగినచో అడుగవలసినది ఎవరిని? భాష కర్తను దాచినపుడు బాధ్యతయు దాగును. పరిశోధకుడు ‘ఇచ్చట నిరూపించడం జరిగింది’ అని వ్రాసినచో నిరూపణభారము తనది కానట్లు తప్పించుకొన్నట్లే. అట్లే ‘ఆమె ఇద్దరు పిల్లలను కలిగి ఉన్నది’ అనుట, ‘ఆమెకు ఇద్దరు పిల్లలు’ అను చక్కని తెలుగువాక్యమును త్రోసి ఆంగ్లవాక్యపు నీడను నిలుపుట. విచిత్రమేమనగా ఈ వాక్యములపై ఎర్రసిరా పడుట అరుదు. అవి చదువుకొన్నవారి నోట వెలువడును గదా. గీత మాత్రము ‘పోయిండు’ క్రింద పడును.

పూర్వుల విసుగు

విసుగు చరిత్ర మనకు వినయమును నేర్పును. మహాభాష్యమున పతంజలి గోశబ్దమునకు గావీ, గోణీ, గోతా, గోపోతలికా అను అపభ్రంశములను ఉదాహరించి, ఒక్కొక్క శబ్దమునకు అపభ్రంశములు పెక్కులని చూపెను. అదే గ్రంథమున, కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి పోవును గాని మాట కావలసినవాడు వైయాకరణుని యింటికి పోడని కూడ ఆయన గ్రహించెను. మాటలను లోకము చేయును; వైయాకరణుడు వానిని పరిశీలించును.

లాటిను భాష క్షీణదశలో ఒక అజ్ఞాత బోధకుడు ఒప్పుతప్పుల పట్టిక యొకటి సిద్ధపరచెను. ప్రోబుని అనుబంధమను పేర అది ప్రసిద్ధము. చెవికి ‘ఔరిస్’ అనవలెను గాని ‘ఒరిక్ల’ అనరాదని అందొక నిషేధము. నేడు ఇటలీవారు చెవిని ‘ఒరెక్కియొ’ అనుచున్నారు. ఫ్రెంచివారి మాటయు ఆ నిషిద్ధరూపపు సంతానమే. ఆ బోధకుని తప్పులపట్టిక తరువాతి భాషలకు జాతకపత్రమైనది. 1712లో ఆంగ్లభాషను చక్కదిద్దవలెనని ప్రతిపాదన ప్రకటించిన జోనాథన్ స్విఫ్ట్‌కు ‘మాబ్’ వంటి కురుచమాటలు కంటగింపు. ఆ మాట నేడు ఆంగ్లమున నిర్దుష్టము.

తెలుగున 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణము ప్రకారము ‘వాఁడు’ అనుటలో అరసున్న విడుచుట దోషము. శకటరేఫమును సాధురేఫముగా వ్రాయుట దోషము. నేడు చేసిండు అను రూపమును కొట్టివేయు అధ్యాపకుడు తన దిద్దుబాటులో ఆ రెండు దోషములను నిశ్చింతగా చేయుచున్నాడు. అతనిని ఎవరును తప్పుపట్టరు, పట్టవలసిన పనియు లేదు. గిడుగు రామమూర్తి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము’ అను గ్రంథమున, గ్రాంథికమును రక్షించుటకు పూనుకొన్న పండితుల వ్రాతలలోనే ఆ గ్రాంథిక నియమములకు విరుద్ధములైన ప్రయోగములను ఎత్తిచూపెను. ఎవరిని హేళనచేయుటకో ఈ మాట ఎత్తుట లేదు. నోట లేని నియమమును వ్రాతలో నిలుపుట మహాపండితులకును దుష్కరమని దీనివలన తెలియుచున్నది. అట్టిచో పదేండ్ల బాలునినుండి దానిని ఆశించుట ఎట్లు?

ఊరిపేరే ఈ మూడు జాతుల చిక్కునకు నిదర్శనము. నెల్లూరు జిల్లాలోని ఆత్మకూరును వ్రాయునపుడు చివర ఉకారము నిలుచును. ఇచ్చటి ఊరిపేరు పలకలమీద ‘ఆత్మకూర్’ అని హలంతముగా కనబడును. తెలుగుపదము అజంతముగా నుండవలెనను దృష్టితో నిది తప్పు. ఉర్దూ ఆంగ్లముల కచ్చేరీ వ్రాతలవెంట వచ్చిన రూపమనుకొన్నచో నిది చరిత్ర తెచ్చిన మార్పు. ఊరిలో అను అర్థమున ‘ఊర్ల’ అను ఈ ప్రాంతపు పలుకుబడిలో ఆ ఉకారము సహజముగనే జారిపోవును గనుక నిది ప్రాంతీయరూపమునకును దూరము కాదు. ఒక్క ఉకారమునకే ఇంత విచారణ అవసరమైనపుడు, చూచినంతనే గీత గీయుట ఎంత తొందరపాటో ఊహింపవచ్చును.

అధ్యాపకులకు, పరిశోధకులకు

ప్రమాణభాష అక్కరలేదా యను ఆక్షేపణ రాగలదు. కావలెను. ఆత్మకూర్ విద్యార్థి వ్రాసినది శ్రీకాకుళమున చదువబడవలెను. అచ్చటిది ఇచ్చట తెలియవలెను. శాసనములు, శాస్త్రగ్రంథములు, పరీక్షలు ఒక సమానరూపమును కోరును. దానిని నేర్పుట అధ్యాపకుని ధర్మము. కాని నేర్పుటలో రెండు తెరువులు కలవు. ‘నీవు వ్రాసినది తప్పు’ అనుట ఒకటి. ‘ఇంట నీవనునది సరియే, అందరికొరకు వ్రాయునపుడు ఇట్లు వ్రాయుదురు’ అనుట రెండవది. మొదటి మాట విన్న బాలుడు తన తల్లికి మాట రాదని నేర్చుకొనును. రెండవ మాట విన్నవాడు తనకు రెండు తెలుగులు వచ్చునని నేర్చుకొనును. మొదటివాడు క్రమముగా తరగతిలో నోరు మెదపుట మానును. నోరు మెదపని వానికి ఏ వ్యాకరణమును నేర్పలేము. 2014 తరువాత తెలంగాణ పాఠ్యపుస్తకములలో ఈ ప్రాంతపు రచయితలకు చోటు పెరిగినది. 2023లో వచ్చిన బలగము వంటి చలనచిత్రములలో ఈ పలుకుబడి హాస్యమునకు గాక కరుణమునకు వాహకమైనది. బాలుని వ్రాతపుస్తకమున మాత్రము మార్పు తెచ్చుట అధ్యాపకుని చేతిలోనే యున్నది.

పరిశోధకునకు ఈ విషయము మరింత ముఖ్యము. క్షేత్రమునకు పోయి పాటను, సామెతను, వృత్తిపదమును సేకరించువాడు విన్నదానిని ‘సరిచేసి’ వ్రాసినచో సాక్ష్యమును చెరిపివేసినట్లే. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశము, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున, వ్యవసాయ పదములను ఏ ప్రాంతమున ఏ రూపము కలదో ఆ రూపముననే నమోదు చేసినది. 1971లో చేనేత పదముల సంపుటము వెలువడినది. తెలుగునేలను ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలములుగా భాషాదృష్టితో విభజించుటకు ఆ పదసామగ్రియే ఆధారమైనది. రైతు నోటి మాటను సేకర్తలు దిద్దియున్నచో ఆ విభజన సాధ్యమగునా? గద్వాల, అమరచింతల మగ్గములవద్ద నేటికిని వినబడు పదములు ఆ వృత్తితోపాటు తరిగిపోవుచున్నవి. వానిని విన్నది విన్నట్లు వ్రాయు చెవి పరిశోధకునకు కావలెను. ఆ చెవి తరగతి గదిలోనే అలవడవలెను.

కావున ఒక చిన్న పద్ధతిని సూచించుచున్నాను. వ్రాతపుస్తకమును దిద్దునపుడు ప్రతి రూపమునకు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ రూపము ఒక ప్రాంతమున అందరినోట నియమముగా నున్నదా? ఉన్నచో దాని క్రింద గీత వలదు. ప్రక్కన ప్రమాణరూపమును వ్రాసిన చాలును. ఇది ఏ ఊరి వాడుకయు గాక అర్థమును చెరచుచున్నదా? ఐనచో గీత గీసి, కారణమును నాలుగు మాటలలో చెప్పవలెను. ఇది క్రొత్తగా వ్యాపించుచున్న వాడుకయా? ఐనచో ప్రశ్నార్థకచిహ్నము పెట్టి, దానివలన వాక్యమునకు కలిగిన లాభనష్టములను విద్యార్థినే చెప్పుమనవలెను.

ఈ పద్ధతిచే దిద్దుటకు కొంత కాలము హెచ్చుగా పట్టును. కాని ఒక యేడాది గడచునప్పటికి అధ్యాపకుని చేతిలో ఆ ఊరి మాటతీరునకు నియమావళి యొకటి సిద్ధమగును. ఆత్మకూర్ పలుకుబడికి అట్టి నియమావళిని వ్రాయుటకు మొదటి సామగ్రి, ఇంతకాలము మనము కొట్టివేయుచు వచ్చిన ఆ మాటలే.